దిగడానికి చోటు కావలసిన విమానం

 

ఈ సభ ఆహ్వానపత్రం మీద సారు పేరు అచ్చయింది. నేను మాత్రం ఈ గంటసేపూ సారు అనే అంటాను. బళ్లారి కంటోన్మెంట్ స్టేషన్ దగ్గర దిగి ‘సారు ఇల్లు ఎక్కడ’ అని అడిగితే, ఏ సారు అని ఎవరూ తిరిగి అడిగేవాళ్లు కారు. పగలు బడిలో కన్నడంలో చెప్పిన ఫిజిక్స్ పాఠాన్నే సాయంత్రం ఇంటి అరుగు మీద తెలుగులో మళ్లీ చెప్పేవారు. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి బళ్లారి మైసూరుకు వచ్చింది. ఆ తర్వాత పుట్టిన మాలాంటి పిల్లలకు బడి భాష ఒకటి, ఇంటి భాష ఒకటి. పాఠం రెండు భాషల్లోనూ ఒకేలా నిలబడితేనే అర్థమైనట్టని సారు లెక్క.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు పాత కాగితాల అంగడిలో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో ఒక విమానం బొమ్మ. రెక్కల వెనక అంచున ఆరు ప్రొపెల్లర్లు, తోక మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తు. బొమ్మ కింద రాసింది కూడబలుక్కుని చదివి, పరుగెత్తుకుంటూ సారు ఇంటికి వెళ్లాను. “సార్, ఇది అణువిమానం. పెట్రోలు అక్కర్లేదంట. ఒక్కసారి లేస్తే వారాల తరబడి దిగనక్కర్లేదంట!” అన్నాను.

సారు బొమ్మను చాలాసేపు చూశారు. “సరేప్పా. దిగినప్పుడు యాడ దిగుతుంది?” అన్నారు.

నేను ఎగరడం గురించే ఆలోచించుకుని వెళ్లాను. దిగడం నా తలలోకే రాలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను ఇంజనీరింగ్ చదివాను, ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. ఆ జవాబును ఆయన లేని సభలో, ఆయన పేరు మీద, ఇవాళ చెప్పబోతున్నాను.

అసలు విమానం దిగడానికీ బళ్లారికీ ఒక పాత చుట్టరికం ఉంది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి ఒక చిన్న పుస్ మాత్ విమానంలో టపా సంచి వేసుకుని బయలుదేరారు. సంచి బరువు పాతిక కిలోలు. అహ్మదాబాద్‌లో దిగితే పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయి. అక్కడి నుంచి బొంబాయి జుహూ. జుహూలో ఆయన మిత్రుడు నెవిల్ విన్సెంట్ ఆ టపాను అందుకుని, బళ్లారి మీదుగా మద్రాసు తీసుకుపోయారు. టాటా విమాన సర్వీసు చరిత్రకు అదే తొలి పుట. ఆ పుటలో నాలుగైదు ఊళ్ల పేర్లే ఉంటే వాటిలో ఒకటి మనది. ఎందుకని? బళ్లారి మీద ప్రేమతో కాదు. జుహూ నుంచి మద్రాసుకు ఆ విమానం ఒక ట్యాంకు పెట్రోలుతో పోలేదు. మధ్యలో ఎక్కడో దిగి తీరాలి. కంటోన్మెంట్ ఉన్న ఊరు, రైలు వచ్చే ఊరు, చదునైన నేల ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ దిగింది. ఆ విమానాన్ని చూసిన పెద్దవాళ్ల మాటలు సారు చిన్నప్పుడు విన్నారు.

విమానం చరిత్ర అంతా ఒక రకంగా ఈ దిగడాన్ని తగ్గించుకోవడమే. ట్యాంకు పెద్దది చేయాలంటే మోయాల్సిన బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఇంకా ఎక్కువ నూనె కావాలి. ఆ చక్రంలోంచి బయటపడే దారి 1932లోనే కనిపించింది, అప్పుడు ఎవరికీ తెలియకపోయినా. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇంగ్లండులో జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనిపెట్టారు. బళ్లారిలో టపా విమానం దిగిన ఏడే న్యూట్రాన్ దొరికిందని చెప్పేటప్పుడు సారు ముఖంలో ఒక వెలుగు కనబడేది. దానికి ఇంకో కారణం ఉంది. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యాసం తీసుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. యూరప్ వెళ్లి భౌతికశాస్త్రం చదివారు, లివర్‌పూల్‌లో ఆ చాడ్విక్ దగ్గరే పరిశోధన చేశారు. తిరిగొచ్చి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అణుభౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. సారు ఎమ్మెస్సీ వాల్తేరులోనే. కాషాయం కట్టిన మనిషి బీటా కిరణాల స్పెక్ట్రోమీటర్ ముందు నిలబడి ఉండే దృశ్యం ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పారో! అంటే న్యూట్రాన్ గురించిన మాట చాడ్విక్ నుంచి స్వామికి, స్వామి విభాగం నుంచి సారుకు, సారు నుంచి ఈ కంటోన్మెంట్ అరుగు మీదికి వచ్చింది. మధ్యలో రెండే మెట్లు.

ఇప్పుడు విమానం సంగతి. న్యూట్రాన్ల దెబ్బకు ఒక కిలో యురేనియం-235 పూర్తిగా విచ్ఛిన్నమైతే వచ్చే వేడి దాదాపు 1,900 టన్నుల కిరోసిన్ కాల్చితే వచ్చే వేడికి సమానం. ఒక అరచేతిలో పట్టే లోహం ఒక వైపు, వందకు పైగా ట్యాంకర్ లారీలు ఇంకో వైపు. ఈ లెక్క చూసినవాడు విమానం గురించి ఆలోచించకుండా ఎలా ఉంటాడు? యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాదే, 1946లో, అమెరికా వైమానిక దళం ఈ పని మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత, 1948లో, ఎమ్మైటీలో కూర్చున్న నిపుణుల బృందం ఒక అంచనా వేసింది. పని సాధ్యమే గానీ పదిహేనేళ్లు పడుతుంది, వంద కోట్ల డాలర్లకు పైగా అవుతుంది అని. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి.

కమ్మరి కొలిమిని చూసినవాళ్లకు జెట్ ఇంజన్ కొత్త కాదు. తిత్తి గాలిని తోస్తుంది, నిప్పు ఆ గాలిని వేడి చేస్తుంది. జెట్ ఇంజన్‌లో తిత్తి చేసే పనిని కంప్రెసర్ చేస్తుంది. ముందు నుంచి గాలిని లాక్కుని అదిమి లోపలికి పంపుతుంది. మధ్యలో కిరోసిన్ మంట. వేడెక్కిన గాలి ఉబ్బి వెనక్కి దూకుతూ, దారిలో ఉన్న టర్బైన్‌ను తిప్పుతుంది. ఆ టర్బైనే ముందున్న కంప్రెసర్‌ను తిప్పుతుంది. మిగిలిన బలంతో గాలి వెనక నుంచి బయటికి ఎగజిమ్మితే విమానం ముందుకు పోతుంది. ఈ మొత్తంలో కిరోసిన్ పని ఒక్కటే, గాలిని వేడి చేయడం. “వేడి యాణ్ణుంచి వచ్చిందని గాలి అడగదప్పా” అనేవారు సారు. కాబట్టి మంట తీసేసి అక్కడ యురేనియం వేడినిచ్చే రియాక్టర్ పెడితే చాలు.

పెట్టడానికి రెండు దారులు. ఒకటి నేరుగా. కంప్రెసర్ నుంచి వచ్చిన గాలి రియాక్టర్‌లోని సన్నని దారుల గుండా పోయి, వేడి ఇంధనాన్ని ఒరుసుకుని, అలాగే టర్బైన్‌కు వెళ్తుంది. ఈ దారిని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పట్టుకుంది. ఇది సులువైన దారి, బరువూ తక్కువ. కానీ ఆ గాలి రియాక్టర్ నడిబొడ్డులోంచి వచ్చి మన ఆకాశంలోకే పోతుంది. గాలిలో నూటికి దాదాపు ఒక వంతు ఆర్గాన్ ఉంటుంది. అది న్యూట్రాన్‌ను మింగి రేడియోధార్మికమవుతుంది, దాని అర్ధాయుష్షు రెండు గంటలకు కాస్త తక్కువ. అది చిన్న సంగతి. ఇంధనం తొడుగు ఎక్కడైనా చిట్లితే లోపలి విషాలు కూడా ఆ గాలితోనే పోతాయి, అది పెద్ద సంగతి. రెండో దారి చాటుగా. రియాక్టర్ వేడిని ద్రవలోహమో కరిగిన లవణమో మోసుకొచ్చి ఇంజన్ దగ్గర గాలికి అప్పగిస్తుంది. గాలి రియాక్టర్‌ను ముట్టుకోదు. ప్రాట్ అండ్ విట్నీ ఈ దారిన పోయింది. శుభ్రమైన దారి. కానీ పైపులు, పంపులు, ఎక్కడ కారినా ప్రమాదం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొలిమిలో నిప్పు మధ్యలో ఉంటుంది, గోడ దానికంటే చల్లగా ఉంటుంది. జెట్ ఇంజన్‌లోనూ అంతే, మంట వేడి గోడకు తగలకుండా చల్లగాలి పొర కాపాడుతుంది. రియాక్టర్‌లో ఈ వరస తలకిందులు. గాలిని వేడి చేసేది గోడే. గాలి ఎంత వేడిగా రావాలో గోడ అంతకంటే వేడిగా ఉండాలి, ఉండి కరగకూడదు, పగలకూడదు, వంద గంటలైనా వెయ్యి గంటలైనా నిలవాలి. ఉక్కు ఊరివాళ్లం మనం, ఎర్రగా కాలిన లోహం ఎంత మెత్తబడుతుందో తోరణగల్లు ఫర్నేసు దగ్గర పనిచేసినవాణ్ణి అడిగితే చెప్తాడు.

అయినా వాళ్లు చేసి చూపించారు. 1954 నవంబర్‌లో టెనెసీ రాష్ట్రం ఓక్‌రిడ్జ్‌లో ఘన ఇంధనమే లేని రియాక్టర్‌ను నడిపారు. యురేనియాన్ని ఫ్లోరైడ్ లవణాల్లో కలిపి కరిగించి, పైపుల్లో పారించారు. అది 860 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి, రెండున్నర మెగావాట్ల శక్తినిచ్చింది. 1956 జనవరిలో ఐడహో ఎడారిలో నేలమీద బిగించిన ఒక టర్బోజెట్‌ను కేవలం రియాక్టర్ వేడితో తిప్పారు. తర్వాత మూడో పరీక్షా రియాక్టర్ రెండు ఇంజన్లను తిప్పింది. ఇది కాగితం మీది కథ కాదని పిల్లలు గమనించాలి. గాలి లోపలికి పోయింది, వేడెక్కింది, టర్బైన్ తిరిగింది. దారి మాత్రం నున్నగా లేదు. 1958 నవంబర్‌లో ఆ మూడో పరీక్షా రియాక్టర్ దగ్గర కొలత పరికరం తప్పు చూపడంతో, శక్తి పెరిగిపోతున్నట్టు తెలియక ఇంధనం కొంత కరిగింది.

మంట దొరికింది, ఇంక కిరణాలను ఆపే గోడ కావాలి. సారు ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

మెడికల్ కాలేజీలో ఎక్స్-రే తీయించుకున్నవాళ్లు అక్కడి ఉద్యోగి వేసుకునే బరువైన సీసం ఆప్రాన్‌ను చూసే ఉంటారు. ఎక్స్-రే కంటే ఎన్నో రెట్లు బలమైనవి గామా కిరణాలు. వాటిని ఆపాలంటే బరువైన పదార్థం దండిగా కావాలి. సరే, సీసం గోడ కడదాం అంటాం. కానీ రియాక్టర్ నుంచి గామా కిరణాలతో పాటు న్యూట్రాన్లు కూడా వస్తాయి. వాటికి విద్యుదావేశం లేదు, ఎలక్ట్రాన్లను లెక్కచేయవు, కేంద్రకాన్ని గుద్దుకుంటే తప్ప ఆగవు. సీసం కేంద్రకం చాలా బరువైనది. గోలీ వెళ్లి ఇనుప గుండును కొడితే ఏమవుతుంది? గుండు కదలదు, గోలీ దాదాపు అదే వేగంతో తిరిగి వస్తుంది. అదే గోలీ ఇంకో గోలీని సూటిగా కొడితే? కొట్టింది ఆగిపోతుంది, రెండోది పరుగెత్తుతుంది. న్యూట్రాన్‌కు తనంత బరువున్న జత హైడ్రోజన్ కేంద్రకం. కాబట్టి న్యూట్రాన్‌ను నెమ్మదింపజేయాలంటే హైడ్రోజన్ ఎక్కువున్నవి కావాలి, అంటే నీళ్లు, పాలిథీన్, రబ్బరు. సీసమూ కావాలి, రబ్బరూ కావాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనడానికి లేదు.

నేలమీది కేంద్రంలోనో జలాంతర్గామిలోనో అయితే రియాక్టర్ చుట్టూ మందంగా గోడ కట్టేయొచ్చు. విమానంలో అలా కడితే ఆ బరువుకే అది లేవదు. అందుకని ఇంజనీర్లు గోడను రెండుగా చీల్చారు. రియాక్టర్ దగ్గర కొంత, పైలట్ల గది చుట్టూ కొంత. మనుషులున్న వైపు మాత్రమే నీడ పడేలా కట్టి, పక్కలకు, వెనక్కు, కిందికి పోయే కిరణాలను వదిలేశారు. అప్పుడు కొత్త ప్రశ్న పుట్టింది. రాత్రిపూట రాయదుర్గం దారిలో వస్తుంటే బళ్లారి కనబడకముందే ఆకాశంలో ఊరి వెలుగు కనబడుతుంది. దీపాలు గుట్ట వెనకే ఉంటాయి, గాలి ఆ వెలుగును చెదరగొట్టి మన కంట్లోకి పంపుతుంది. పక్కకు వదిలేసిన కిరణాలు కూడా అలాగే గాలిలో చెదిరి, చుట్టూ తిరిగి పైలట్ గదిలోకి వస్తే? ఎంత వస్తాయి?

ఈ ‘ఎంత’ తెలుసుకోవడానికి వాళ్లు పడ్డ పాట్లు నాకు విమానం కంటే గొప్పగా కనిపిస్తాయి. నేలమీద కొలిస్తే నేల నుంచి తిరిగొచ్చే కిరణాలూ కలిసిపోయి లెక్క చెడుతుంది. అందుకని 1954లో ఓక్‌రిడ్జ్‌లో 315 అడుగుల ఎత్తున నాలుగు ఉక్కు స్తంభాలు నిలబెట్టి, తాళ్లతో రియాక్టర్‌ను పైకి లాగి ఆకాశంలో వేలాడదీశారు. నేలకు దూరంగా, గాలి ఒక్కటే చుట్టూ ఉండగా కొలిచారు. బావిలోంచి బిందెను చేదినట్టు ఒక అణు రియాక్టర్‌ను చేదిన మనుషులు వాళ్లు.

తర్వాతి మెట్టు నిజంగా ఎగరడం. నా పాత పత్రికలోని బొమ్మ అదే. 1952 సెప్టెంబర్ 1న టెక్సాస్‌లో ఒక సుడిగాలి వచ్చి వైమానిక స్థావరంలోని బి-36 బాంబర్లను విరగ్గొట్టింది. ముక్కు దెబ్బతిన్న ఒక బాంబర్‌ను కాన్‌వేర్ కంపెనీ తీసుకుని, ఆ ముక్కు స్థానంలో సీసం, రబ్బరు పొరలతో పదకొండు టన్నుల గదిని అమర్చింది. కిటికీ అద్దాలు జానెడుకు మించిన మందం. లోపల అయిదుగురు మనుషులు. వెనక బాంబులు ఉండాల్సిన చోట పదహారు టన్నుల రియాక్టర్. సండూరు గనుల నుంచి వచ్చే లారీ నిండా ఇనుప ఖనిజం ఎంత బరువో, రమారమి అంత. గదిలోంచి ఇంజన్లు కనబడవు కాబట్టి వాటిని టీవీలో చూసేవాళ్లు. ఎన్‌బి-36హెచ్ అని దాని పేరు. 1955 సెప్టెంబర్ 17న రియాక్టర్‌తో మొదటిసారి లేచింది. 1957 మార్చి వరకు 47 సార్లు ఎగిరింది. మొత్తం 215 గంటలు గాలిలో ఉంటే, అందులో 89 గంటలు రియాక్టర్ వెలిగి ఉంది.

పిల్లలూ, ఒక మాట జాగ్రత్తగా వినండి. ఆ రియాక్టర్ ఆ విమానాన్ని నడపలేదు. ఆరు ప్రొపెల్లర్లూ పెట్రోలుతోనే తిరిగాయి, వాటికి తోడున్న నాలుగు జెట్ ఇంజన్లూ నూనెతోనే మండాయి. రియాక్టర్ శక్తి ఒక్క మెగావాట్. ఆరు ప్రొపెల్లర్ ఇంజన్ల బలం కలిపితే 22,800 అశ్వశక్తి, అంటే పదిహేడు మెగావాట్లు. రియాక్టర్ అక్కడ ఉన్నది మోయడానికి కాదు, కొలవడానికి. గదిలోకి ఎంత వస్తోంది, ఎటు నుంచి వస్తోంది, ఎత్తు మారితే ఎంత మారుతోంది? అణువిమానం అని ప్రపంచం చెప్పుకునేది నిజానికి ఒక ఎగిరే కొలబద్ద. నా పత్రిక బొమ్మ కింద ఈ మాట లేదు. అది చదివి నేను మోసపోయానని తెలిసిన రోజు నాకు బాధ కలగలేదు, గౌరవం పెరిగింది. నడపడానికి తొందరపడకుండా ముందు కొలిచినవాళ్ల మీద గౌరవం.

ఇప్పుడు సారు ప్రశ్న. అది యాడ దిగుతుంది?

ఎన్‌బి-36హెచ్ ఎగిరిన ప్రతిసారీ దాని వెనక ఇంకో విమానం వెళ్లేది. అందులో పారాచూట్ సైనికులు ఉండేవాళ్లు. ముందు విమానం కూలితే వెంటనే దూకి, ఆ చోటు చుట్టూ కాపలా కాసి జనాన్ని దగ్గరికి రానీయకపోవడం వాళ్ల పని. ఒక మెగావాట్ కొలబద్దకే ఇంత ఏర్పాటు. నిజంగా అణుశక్తితో నడిచే బాంబర్ అయితే ఎన్నో పదుల మెగావాట్ల రియాక్టర్ కావాలి.

దిగే చిక్కులు ఇంకా ఉన్నాయి. మామూలు విమానం లేచేటప్పుడు బరువు, దిగేటప్పుడు తేలిక. నూనె దారిలోనే ఖర్చయిపోతుంది. 1932లో మన ఊళ్లో దిగిన పుస్ మాత్ ట్యాంకు ఖాళీ చేసుకుని వచ్చింది. అణువిమానం లేచినప్పుడు ఎంత బరువో దిగేటప్పుడూ అంతే. చక్రాలు, వాటి కాళ్లు, రన్‌వే అన్నీ ఆ పూర్తి బరువును నేలకు కొట్టేటప్పుడు భరించాలి. మంట ఆర్పడం కూడా వేరు. కిరోసిన్ ఆపితే ఇంజన్ చల్లబడుతుంది. రియాక్టర్‌ను ఆపేసిన మరుక్షణం కూడా, పనిచేసినప్పటి వేడిలో నూటికి ఆరేడు వంతులు పుడుతూనే ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ తగ్గుతుందే గానీ ఒక్కసారిగా ఆగదు. విమానం నేలమీద నిలబడ్డాక కూడా దానికి ఎవరో గాలో నీరో పోస్తూనే ఉండాలి. పోయడానికి దగ్గరికి ఎవరు పోతారు? పక్కలకు గోడ లేదు కదా, బరువు తగ్గించాలని తీసేశాం కదా! గాలిలో ఉన్నప్పుడు పక్కన మనుషులు లేరని వదిలేసిన కిరణాలే, నేలమీదికి రాగానే మెకానిక్ ఎదురుగా నిలబడతాయి.

ఐడహోలో నేలమీది పరీక్షలకే దీనికి ఒక రైలుదారి వేశారు. రియాక్టర్‌నూ ఇంజన్లనూ ఒక పెద్ద బండి మీద బిగించి, నాలుగు పట్టాల మీద నడిపేవాళ్లు. దాన్ని లాగే ఇంజన్‌లో డ్రైవర్ చుట్టూ సీసం గోడ. పరీక్ష కాగానే ఆ ఇంజన్ వచ్చి రియాక్టర్‌ను మందపు గోడల షెడ్డులోకి లాక్కుపోతే, అక్కడ మనుషులు కిటికీ ఇవతల నిలబడి యంత్రపు చేతులతో విప్పేవాళ్లు. ఒక బోల్టు విప్పడానికి ఇంత. కంటోన్మెంట్ స్టేషన్ పక్క పెరిగినవాడిగా ఆ సీసం గోడల రైలింజన్ నన్ను ఎప్పుడూ వదల్లేదు.

సోవియట్‌లోనూ ఇదే పని జరిగింది. 1958 డిసెంబర్‌లో ఒక అమెరికా పత్రిక, రష్యావాళ్లు అణు బాంబర్‌ను ఎగరేశారని రాసింది. అది నిజం కాదు. ఆ విమానానికి ఉన్నవి మామూలు ఇంజన్లే. ఆ వార్త మాత్రం అమెరికాలో ఈ పనికి ఇంకొన్నాళ్లు డబ్బు పోయించింది. నిజంగా సోవియట్ వాళ్ల రియాక్టర్ గాలిలోకి లేచింది 1961లో, టుపోలెవ్-95 బాంబర్‌లో. సెమీపలాటిన్స్క్ దగ్గర ముప్పైకి పైగా సార్లు ఎగిరింది. అదీ నడపడానికి కాదు, కొలవడానికే.

అదే ఏడాది మార్చి 28న అధ్యక్షుడు కెనెడీ అమెరికా పథకాన్ని ఆపేశారు. పదిహేనేళ్లు గడిచాయి, దాదాపు వంద కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, పనికొచ్చే విమానం ఇప్పట్లో వచ్చేలా లేదని. 1948 నిపుణుల అంకెలు గుర్తున్నాయా? కాలం సరిపోయింది, డబ్బూ సరిపోయింది, విమానమే రాలేదు. ఈలోగా ఖండాంతర క్షిపణులు వచ్చాయి, ఎగిరే విమానానికి గాలిలోనే నూనె పోసే ట్యాంకర్ విమానాలు వచ్చాయి. దిగకుండా ఉండటానికి రియాక్టరే అక్కర్లేదని తేలింది.

దిగాల్సిన మనిషినే తీసేస్తే గోడ అక్కర్లేదని ఇంకో ఆలోచన నడిచింది. మనిషి లేని, రియాక్టర్‌తో ఎగిరే క్షిపణి. ఆ పథకం పేరు ప్లూటో. 1964లో నెవాడా ఎడారిలో దాని ఇంజన్ టోరీ-2సి 513 మెగావాట్ల వేడినిస్తూ అయిదు నిమిషాలు నడిచింది. మన కుడితిని థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు 500 మెగావాట్లు. అక్కడి లెక్క వేడిది, ఇక్కడి లెక్క కరెంటుది, రెండూ ఒకటి కావు గానీ, ఒక రైలు పెట్టెలో పట్టేదాంట్లోంచి అంత వేడి అంటే ఎంతో ఊహించవచ్చు. అది చెట్ల ఎత్తున, గోడలేని రియాక్టర్‌తో పోవాలి. ఎవరి ఇళ్ల మీదుగా? శత్రువు దాకా వెళ్లే దారిలో మిత్రులూ ఉంటారు. దాన్ని పరీక్షగా ఎగరేయడానికి కూడా చోటు దొరకలేదు. 1964 జులై 1న ఆపేశారు. సారు ప్రశ్న దాన్నీ వదల్లేదు. 2018లో రష్యా అలాంటి క్షిపణినే చేస్తున్నామని ప్రకటించింది. నాకు ఆ వార్త భయం కలిగించింది, ఇప్పటికీ కలిగిస్తోంది. మనుషులు లేరు కాబట్టి గోడ అక్కర్లేదనడం ఇంజనీరు నోట రావలసిన మాట కాదు. కింద మనుషులున్నారు.

ఆ పదిహేనేళ్ల పని అంతా వృథా అని మాత్రం నేను అనను. కరిగిన లవణపు రియాక్టర్‌ను ఓక్‌రిడ్జ్ వాళ్లు 1965 నుంచి 1969 దాకా విమానంతో పనిలేకుండా నేలమీద నడిపారు. 1968లో దాన్ని యురేనియం-233తో నడిపారు. యురేనియం-233 థోరియం నుంచి పుడుతుంది, థోరియం మన భీమునిపట్నం సముద్రపు ఇసుకలో మోనజైట్‌గా ఉంది. ఆ సంగతి ఇంకో ఉపన్యాసానికి సరిపోతుంది. గామా, న్యూట్రాన్లను ఆపే గోడల లెక్కలు ఆ తర్వాతా పనికొచ్చాయి.

కొన్నేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు, అల్లుణ్ణి బతిమాలి ఐడహోలో ఆర్కో అనే చిన్న ఊరి దాకా తీసుకెళ్లమన్నాను. పొడినేల, ముళ్ల పొదలు, నల్లరాళ్లు. మన గుట్టల్లాంటి గుట్టలు. 1951లో అణువిద్యుత్తుతో నాలుగు బల్బులు వెలిగించిన కట్టడం అక్కడికి దగ్గరలో ఉంది. దాని బయట, ఎండలో, విమానం ఇంజన్ల కోసం చేసిన రెండు పరీక్షా రియాక్టర్లను నిలబెట్టారు. రెండంతస్తుల ఇళ్లంత ఉన్నాయి. పైపులు, గొట్టాలు, మాసిపోయిన రంగు. వాటి పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను.

అక్కడికి కొంత దూరంలో అణువిమానం కోసం ఒక పెద్ద హ్యాంగర్ కూడా కట్టారు. 1959కల్లా సిద్ధమైంది. కిరణాల నుంచి మనుషుల్ని కాపాడే మందమైన గోడల గదితో సహా. దాని ముందు వేయాల్సిన రన్‌వే వేయలేదు. విమానం రాలేదు. తర్వాత ఆ హ్యాంగర్‌లో యుద్ధ ట్యాంకులకు కవచాలు చేశారు.

ఆ రాత్రి సారుకు ఉత్తరం రాశాను. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి, చూపు తగ్గింది, మనవరాలు చదివి వినిపించేది. “సార్, మీరు అడిగిన చోటు చూసొచ్చాను. దిగడానికి షెడ్డు కట్టారు, దిగాల్సింది రాలేదు” అని రాసి, సీసం గోడల రైలింజన్ గురించి, స్తంభాల మీద వేలాడదీసిన రియాక్టర్ గురించి నాలుగు పేజీలు రాశాను.

నెలకు జవాబు వచ్చింది. మనవరాలి చేతిరాతలో రెండే వాక్యాలు. “బాగుంది. ఈ పాఠం పిల్లలకు చెప్పేటప్పుడు సీసంతో మొదలుపెట్టొద్దు, సీసం అందరికీ తెలుసు, రబ్బరు ఎందుకో వాళ్ల చేత కనుక్కోనియ్యి.”

సారు చెప్పిన వరసలో ఇవాళ నేను చెప్పలేదు. ముందు సీసమే చెప్పాను, గోలీల సంగతి కూడా నేనే బయటపెట్టేశాను. అయినా చేతితో చేస్తే గానీ తెలియనిది కొంత మిగిలే ఉంటుంది. ఈ బల్ల మీద ఇరవై గోలీలు, ఒక ఇనుప గుండు, ఒక స్కేలు పెట్టాను. ముందు వరసలోని పిల్లలు లేచి రండి. ఒకరు కొట్టండి, ఒకరు స్కేలుతో దూరం కొలవండి, ఒకరు అంకెలు నోట్‌బుక్‌లో రాయండి. పెద్దలు కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకుంటే నేలమీద చోటు దొరుకుతుంది.